ఏడున్నర వేల దగ్గర తడబడుతున్న ఆర్‌ఎక్స్ 100

ప్రశ్న: అన్నా, మాది తెనాలి దగ్గర ఒక ఊరు. నాన్న 1994లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ఇప్పుడు నా చేతికొచ్చింది. పోయిన వేసవిలో బోరింగ్ చేయించి కొత్త పిస్టన్ వేయించాను. పనిలో పనిగా పోర్టింగ్ చేయించి, హెడ్ లేత్ మీద కాస్త కోయించి, ఎక్స్‌పాన్షన్ చాంబర్ సైలెన్సర్ పెట్టించాను. కార్బొరేటర్ ముట్టుకోలేదు. కింద ఆర్‌పీఎంలో బాగా లాగుతోంది. మూడో గేరులో, నాలుగో గేరులో ఫుల్ ఎక్సలేటర్ ఇచ్చి ఏడున్నర వేలు దాటిస్తే మిస్సింగ్ కొడుతోంది. స్టాండు మీద రైజ్ చేస్తే మాత్రం బానే ఉంది. ఆర్‌పీఎం చూసుకోవడానికి ప్లగ్ వైరుకు తీగ చుట్టే డిజిటల్ మీటరొకటి పెట్టాను. 7 నంబరు ప్లగ్ తీసినప్పుడు తెల్లగా ఉంది. వేడెక్కుతోందని మెకానిక్ 9 వేశాడు. మిస్సింగ్ తగ్గలేదు సరికదా, ఇప్పుడు ఊళ్లో పది నిమిషాలు తిరిగితే ప్లగ్ నల్లబడి బండి ఆగిపోతోంది. ఇంకొకాయన ఇరీడియం వేస్తే అన్నీ పోతాయంటున్నాడు. ఏ ప్లగ్ వేయమంటావు?

సమాధానం:

తమ్ముడూ, ముందు ఒక మాట. ఇది చదివాక సంగతి తేలేదాకా ఆ బండికి ఫుల్ ఎక్సలేటర్ ఇవ్వకు. ఎందుకో చెబుతాను.

నువ్వు అడిగింది ప్లగ్ గురించి. నీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన మాటలు వేరే ఉన్నాయి. స్టాండు మీద బానే ఉందన్నావు, కార్బొరేటర్ ముట్టుకోలేదన్నావు, 7 నంబరు ప్లగ్ తెల్లగా వచ్చిందన్నావు. ఈ మూడూ కలిపి చదివితే నాకు కనిపించేది ప్లగ్ జబ్బు కాదు. నీ ఇంజన్‌కు పైన పెట్రోల్ చాలడం లేదు. దానికి తోడు స్పార్క్ కూడా అంతంతమాత్రంగా ఉండొచ్చు. తెల్లగా వచ్చిన ప్లగ్ ఆ సంగతి చెబుతుంటే, మీ మెకానిక్ దాని నోరు మూయించి ఇంకో ప్లగ్ వేశాడు.

కంపెనీ ఈ 98 సీసీ ఇంజన్‌ను 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్ పవర్ ఇచ్చేలా తయారుచేసింది. కార్బొరేటర్‌లో జెట్ల (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాల) సైజు, నీడిల్, ఇగ్నిషన్ టైమింగ్, అన్నీ ఆ లెక్కకే. నువ్వు పోర్టులు (సిలిండర్లోకి మిక్చర్ వచ్చే, పొగ పోయే దారులు) పెద్దవి చేయించి, చాంబర్ పెట్టించి ఆ శిఖరాన్ని ఇంకా పైకి జరిపావు. జెట్లు మాత్రం పాత చోటే ఉండిపోయాయి. మిస్సింగ్ సరిగ్గా ఏడున్నర వేల దగ్గర మొదలవడంలో నాకేం ఆశ్చర్యం కలగలేదు.

స్టాండు సంగతి చూద్దాం. స్టాండు మీద బండికి లోడు లేదు. ఎక్సలేటర్ పావు వంతు తిప్పితే చాలు, ఎనిమిది వేలు తిరుగుతుంది. అప్పుడు సిలిండర్లోకి పోయే పెట్రోల్, గాలి మిక్చర్ కొంచెమే, లోపల ప్రెషర్ తక్కువే. అదే రోడ్డు మీద మూడో గేరులో ఫుల్ ఇస్తే సిలిండర్ నిండుతుంది. పైగా చాంబర్ చేసే పనే అది. ఎగ్జాస్ట్ పోర్టులోంచి బయటికి జారిపోయిన మిక్చర్‌ను అల కొట్టి మళ్లీ లోపలికి తోస్తుంది. నువ్వు హెడ్ కూడా కోయించావు. అంటే స్పార్క్ పడే క్షణంలో ప్లగ్ గ్యాప్ మధ్య గాలి ఇదివరకటి కంటే బాగా చిక్కగా ఉంటుంది. గాలి ఎంత చిక్కనైతే దాన్ని చీల్చుకుని దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. మిక్చర్‌లో పెట్రోల్ పలచబడితే ఇంకా ఎక్కువ కావాలి.

ప్లగ్ బయటికి తీసి, హెడ్‌కు ఆనించి కిక్ కొట్టి, "నీలంగా కొడుతోంది, స్పార్క్ బ్రహ్మాండంగా ఉంది" అనేవాళ్లను నమ్మనిది ఇందుకే. బయటి గాలిలో 0.6 మిల్లీమీటర్లు దూకడం ఏ కాయిలైనా చేస్తుంది. నిజంగా చూడాలంటే పాత ప్లగ్ ఒకటి తీసుకుని, పక్క ఎలక్ట్రోడ్‌ను రంపంతో కోసేసి, బాడీని ఇంజన్‌కు గట్టిగా ఎర్త్ చేసి, ఆరు మిల్లీమీటర్ల ఖాళీ దూకుతోందో లేదో చూడాలి. దూకితే కాయిల్ మీద సగం అనుమానం పోయినట్టే. ఒక జాగ్రత్త. ప్లగ్ క్యాప్‌ను గాల్లో వేలాడదీసి కిక్ కొట్టకు. దూకడానికి దారి దొరకని కరెంటు కాయిల్ లోపలో, సీడీఐ (స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) లోపలో దారి వెతుక్కుంటుంది. తర్వాత నువ్వు కొత్త సీడీఐ వెతుక్కోవాలి.

టూ స్ట్రోక్ కాబట్టి తిరిగిన ప్రతి చుట్టుకూ ఒక స్పార్క్ పడాలి. ఎనిమిది వేల దగ్గర సెకనుకు 133 అన్నమాట. సీడీఐ గానీ, దానికి సిగ్నల్ ఇచ్చే పల్సర్ కాయిల్ గానీ ఆ వేగం అందుకోలేకపోతే స్టాండు మీద కూడా తడబడేది. తడబడలేదు. కాబట్టి వాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టు. అలాగని స్టాండు మీద ఫుల్‌గా రైజ్ చేసి పరీక్షలు పెట్టకు. లోడు లేకుండా అలా అరిపిస్తే కొత్త పిస్టన్‌కు మంచిది కాదు.

షెడ్డులో అన్ని రోగాలకూ "మిస్సింగ్" అని ఒకటే పేరు. ఆ పేరు కింద కనీసం మూడు రకాలున్నాయి. చెవి పెట్టి వింటే తేడా తెలుస్తుంది. పెట్రోల్ మరీ ఎక్కువైతే ఇంజన్ గొంతు పట్టేసినట్టు "బర్ర్..." అని బొంగురుగా మోగుతుంది. ఒక చుట్టు వదిలి ఒక చుట్టు మండుతుంది కాబట్టి దీన్ని ఫోర్ స్ట్రోకింగ్ అంటారు. పొగ ఉంటుంది, ప్లగ్ తడిగా నల్లగా వస్తుంది. దీనివల్ల ఇంజన్‌కు ముప్పు లేదు, చిరాకు తప్ప. స్పార్క్ తప్పితే ఆ తీరు వేరు. స్విచ్ ఆపి వేసినట్టు టక్కుటక్కుమని తెగుతుంది, వీపు మీద ఎవరో తట్టినట్టు కుదుపు తెలుస్తుంది, ఒక్కోసారి సైలెన్సర్లో టప్‌మని పేలుతుంది. మూడోది పెట్రోల్ తక్కువైనప్పుడు వచ్చేది. శబ్దం సన్నబడి, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి నీరసపడుతుంది, మళ్లీ ఉలిక్కిపడి లేస్తుంది. కొన్నిసార్లు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు హెడ్‌లోంచి సన్నని చప్పుడు వస్తుంది. భయపడాల్సింది దీనికే. టూ స్ట్రోక్‌లో ఆ పెట్రోల్ మిక్చరే పిస్టన్‌ను చల్లబరుస్తుంది కూడా. అది తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, లేదా నెత్తిన చిల్లు పడుతుంది. ఫుల్ ఎక్సలేటర్ ఇవ్వకని మొదట్లోనే అన్నది అందుకే.

ఇంకో చిన్న సంగతి గమనించి ఉంటే బాగుండేది. మిస్సింగ్ ఆర్‌పీఎం నంబరు దగ్గర వస్తోందా, లేక ఫుల్ ఇచ్చిన కొన్ని సెకన్లకు వస్తోందా? రెండో గేరులో ఏడున్నర వేలకు క్షణాల్లో చేరతావు. అక్కడ శుభ్రంగా ఉండి, నాలుగో గేరులో ఎనిమిది పది సెకన్లు పట్టి ఉంచితేనే వస్తుంటే, అది కార్బొరేటర్ చాంబర్ ఖాళీ అవుతోందని గుర్తు. ఆ చాంబర్లో ఉండేది నాలుగైదు టీ చెంచాల పెట్రోలే. పైనుంచి వచ్చేది ఖర్చయ్యేదాని కంటే తక్కువైతే సరిగ్గా అన్ని సెకన్లే పడుతుంది.

ఇది నాకు బాగా ఖర్చయిన పాఠం. చాలా ఏళ్ల కిందట నా పాత టూ స్ట్రోక్ బండి ఇలాగే నాలుగో గేరులో పది లెక్కపెట్టేలోగా చచ్చిపోయేది. ఎక్సలేటర్ తగ్గిస్తే అర నిమిషంలో మళ్లీ మామూలే. రెండు నెలల్లో ఆరు ప్లగ్గులు, ఒక కాయిల్ మార్చాను. చివరికి ఒక మధ్యాహ్నం ఎండలో బండి ఆగిపోతే పెట్రోల్ ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తిప్పాను. "ఫుస్స్" అని గాలి లోపలికి పీల్చుకుంది. ట్యాంకుకు రంగు వేయించినప్పుడు మూతకు కూడా వేయించాను. గాలి పోయే సన్నటి రంధ్రాన్ని రంగు మూసేసింది. రంగువాడిని అనడానికి లేదు, మూత కూడా మెరవాలని అడిగింది నేనే. గుండుసూదితో పోయింది ఆ రెండు నెలల రోగం. కాబట్టి నువ్వు మొదట మూత కాస్త వదులు చేసి, నెమ్మదిగా ఒక రౌండు వేసి చూడు. తర్వాత కార్బొరేటర్ దగ్గర పైపు పీకి, ఒక సీసాలోకి ఒక నిమిషం పెట్రోల్ వదులు. పావు లీటరుకు తగ్గకూడదు, ఇది నా లెక్క. తగ్గితే కాక్ (ట్యాంకు కింది కుళాయి)లో జాలీ, ఫ్లోట్ నీడిల్ చూసుకో.

ఇప్పుడు ఆ డిజిటల్ మీటరు. అది వెంటనే విప్పెయ్. తీగను ప్లగ్ వైరు చుట్టూ నాలుగైదు చుట్లు బిగించి, జిప్ టై వేసి ఉంటావు. ముప్పై ఏళ్ల నాటి వైరైతే దాని రబ్బరు ఎక్కడో పగిలి ఉంటుంది. ప్రెషర్ పెరిగి ప్లగ్ దగ్గర దూకడం కష్టమైనప్పుడు స్పార్క్ సులువు దారి చూసుకుంటుంది. ఆ తీగ మీదుగా ఎర్త్‌కు పోవడం దానికి చాలా సులువు. రాత్రి లైట్లన్నీ ఆపి, ఇంజన్ నడుస్తుండగా వైరు మీద, క్యాప్ మీద స్ప్రే సీసాతో కాసిని నీళ్లు చిలకరించు. నీలం రంగు దారాలు కనిపిస్తే దొంగ దొరికినట్టే. చేత్తో మాత్రం తాకకు, బాగా కొడుతుంది.

ఆ మీటరు ఇదివరకు చూపించిన అంకెను ఒక సాక్షిగా వాడుకోవచ్చు కూడా. బండి తడబడే క్షణంలో అంకె ఒక్కసారిగా కిందికి పడిపోతుంటే, కాయిల్ నుంచి స్పార్క్ రావడం లేదని. అంకె నిలకడగా ఉండి బండి మాత్రం కుదుపుతుంటే, స్పార్క్ బయలుదేరుతోంది గానీ మంట అంటుకోవడం లేదని. పెట్రోల్ వైపు చూడాలి, లేదా స్పార్క్ ప్లగ్ దాకా వెళ్లకుండా దారిలో జారిపోతోందేమో చూడాలి. దీనికోసం మళ్లీ ఫుల్ ఇవ్వకు. ఇదివరకు ఏం చూశావో గుర్తుచేసుకో చాలు.

ప్లగ్ క్యాప్‌ను వైరు నుంచి ఎడమకు తిప్పి విప్పు. లోపల రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంటే అర సెంటీమీటరు కోసేసి, కొత్త రాగి కనిపించాక మళ్లీ క్యాప్ తిప్పి బిగించు. క్యాప్‌ను మల్టీమీటర్లో పెట్టి చూడు. రెసిస్టర్ ఉన్న క్యాప్ అయితే మామూలుగా 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపించాలి. ఇరవై చూపించినా, అసలు ఏమీ చూపించకపోయినా పారేసి కొత్తది వెయ్. ఈ రెండు పనులతోనే బాగుపడిన బండ్లు నేను చాలా చూశాను.

ఇగ్నిషన్‌లో ఇంకొక్క మాట. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, పావుగంట నడిచాక మొదలయ్యే మిస్సింగ్ అయితే మాగ్నెట్ లోపలి కాయిల్ వేడికి చెడుతోందని. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బండి దిగిన వెంటనే ఒకసారి ఓమ్‌లు కొలిస్తే తెలిసిపోతుంది. నీ ఉత్తరంలో అలాంటి సూచన లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

అసలు అనుమానానికి వస్తాను. మీ నాన్నగారు బండి కొన్ననాటి పెట్రోల్ వేరు, ఇప్పుడు బంకులో పోయించుకుంటున్నది వేరు. ఇప్పటి ఈ20లో 20 శాతం ఇథనాల్. ఒక కిలో మామూలు పెట్రోల్ పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. రెండూ కలిసిన ఈ20కి సుమారు 13.5. అంటే అదే జెట్‌లోంచి అంతే పెట్రోల్ పోతున్నా మిక్చర్ 7-8 శాతం పలచబడినట్టు. ఏమీ మార్చని బండే ఈ తేడా ఓర్చుకోవాలి. నువ్వు దాని మీద పోర్టింగ్, చాంబర్ పెట్టించి, మెయిన్ జెట్ పాతదే ఉంచావు. ఇన్ని కలిశాక 7 నంబరు ప్లగ్ తెల్లగా రాక ఇంకేం వస్తుంది?

మెయిన్ జెట్ మార్చాలి. ఎప్పుడూ ఎక్కువ వైపు నుంచి మొదలుపెట్టు. ఒకేసారి రెండు మూడు సైజులు పెద్దది వెయ్. పైన బొంగురుగా ఫోర్ స్ట్రోకింగ్ వచ్చిందంటే సంతోషించు, క్షేమంగా ఉన్న వైపే ఉన్నావు. అక్కడి నుంచి ఒక్కో సైజు తగ్గిస్తూ రా. ఆ బొంగురు పోయి శబ్దం తేటపడిన చోట ఆగు. మన ఎండలకు, చలికాలపు తెల్లవారుజాములకు మధ్య ఒక సైజు తేడా రావచ్చు. చలిలో గాలి చిక్కగా ఉంటుంది, పెట్రోల్ ఎక్కువ అడుగుతుంది. ఎండాకాలంలో కుదిర్చిన జెట్ మీద డిసెంబరులో తెల్లవారుజామున హైవే ఎక్కి పిస్టన్ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

జెట్ కొనకముందే తెలుసుకోవాలంటే చోక్ ఉంది. ముప్పావు ఎక్సలేటర్ దగ్గర, మిస్సింగ్ మొదలవుతున్నట్టు అనిపించగానే చోక్ సగం లాగు. బండి తేరుకుంటే పెట్రోల్ చాలడం లేదని, ఇంకా చెడితే ఎక్కువైందని. రెండు క్షణాల పరీక్ష ఇది, అంతకంటే సాగదీయకు.

ఒకవేళ జెట్ పెంచినా తెల్లదనం పోకపోతే ఎక్కడో దొంగ గాలి పీలుస్తోందని. ఎక్సలేటర్ వదిలినా ఇంజన్ వెంటనే దిగకుండా కాసేపు అలాగే అరుస్తుంటే మాగ్నెట్ వైపు క్రాంక్ సీల్ మీద అనుమానపడు. ఇంజన్ విప్పి బోరింగ్ చేయించినప్పుడు సీల్స్ మార్చారా? ఉత్తరంలో రాయలేదు. రీడ్ వాల్వ్ రేకుల అంచులు విరిగాయేమో కూడా ఓసారి చూడమను.

ఇప్పుడు ప్లగ్. దీని గురించి షెడ్డుల్లో ఎంత అయోమయం ఉందో చెప్పలేను.

కోల్డ్ ప్లగ్ వేస్తే ఇంజన్ చల్లబడదు. చల్లబడేది ప్లగ్ ముక్కు ఒక్కటే. లోపలి తెల్ల పింగాణీ పొట్టిగా ఉంటే తనకు తగిలిన వేడిని త్వరగా హెడ్‌కు దాటించేస్తుంది, అది కోల్డ్ ప్లగ్. పొడుగ్గా ఉంటే వేడి నిదానంగా దిగుతుంది, అది హాట్ ప్లగ్. ఆ ముక్కు దాదాపు 500 డిగ్రీలు దాటితేనే తన మీద పడ్డ మసిని తనే కాల్చుకుంటుంది. 800 దాటి ఇంకా పైకి పోతే నిప్పుకణికలా మెరిసి, స్పార్క్ పడకముందే మిక్చర్‌ను అంటిస్తుంది. ప్లగ్ నంబరు ఎంచుకోవడమంటే నీ వాడకంలో ఆ ముక్కు ఈ రెండింటి మధ్యే ఉండేలా చూసుకోవడం, అంతే. నంబరు ఒకటి మారితే ముక్కు దగ్గర 70 నుంచి 100 డిగ్రీల దాకా తేడా వస్తుంది. మీవాడు ఒకేసారి రెండు నంబర్లు కోల్డ్ వైపు జరిపాడు. తెనాలి బజార్లో రెండో గేరులో తిరిగే బండికి 9 నంబరు ముక్కు ఎప్పటికీ వేడెక్కదు. మసి పేరుకుంటుంది, ఆ మసి మీదుగా కరెంటు జారిపోతుంది, బండి ఆగుతుంది. నీకు కొత్తగా వచ్చిన రెండో రోగం పూర్తిగా ఇదే.

పైగా 9 వేశాక ప్లగ్ తెల్లగా రావడం మానేసింది కదా, వేడి తగ్గిందనుకుని ఉంటారు. పిస్టన్ నెత్తిన మంట అలాగే ఉంది. చెప్పే సాక్షి ఒక్కటీ పోయింది.

నంబర్ల దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ఎన్‌జీకేలో, డెన్సోలో నంబరు పెరిగేకొద్దీ కోల్డ్. బాష్‌లో, చాంపియన్‌లో నంబరు పెరిగేకొద్దీ హాట్. మన పాత మెకానిక్‌లు చాలామంది మైకో ప్లగ్గుల మీద చెయ్యి తిరిగినవాళ్లు. మైకో అంటే మన దేశంలో బాష్ కంపెనీయే, నంబర్ల లెక్క కూడా దానిదే. కాబట్టి "ఒక నంబరు పెంచు" అని ఎవరైనా చెబితే ఏ కంపెనీ లెక్కలో అని అడుగు. లేకపోతే కోల్డ్ అనుకుంటూ హాట్ ప్లగ్ వేసుకుని, కోసిన హెడ్‌తో హైవే ఎక్కుతావు.

నంబరు పక్కనున్న అక్షరాలు కూడా చదవాలి. నీ పాత ప్లగ్ బీపీ7హెచ్‌ఎస్ అయి ఉంటుందనుకుంటాను, తీసి చూసుకో. బీ అంటే 14 మిల్లీమీటర్ల మర. హెచ్ అంటే మర పొడవు 12.7 మిల్లీమీటర్లు. హెచ్ స్థానంలో ఈ ఉంటే 19. దుకాణంలో హెచ్ లేదని ఈ ఇస్తే పొరపాటున కూడా బిగించకు. ఆ మిగిలిన ఆరు మిల్లీమీటర్లూ సిలిండర్ లోపలికి చొచ్చుకుపోయి పిస్టన్‌కు తగులుతాయి. పీ అంటే ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన రకం. మామూలు బండికి అది మంచిదే, మసి త్వరగా కాలుతుంది. హెడ్ కోయించిన బండిలో పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికీ ముక్కుకూ మధ్య ఎంత సందు ఉందో ఎవరైనా కొలిచారా? ప్లగ్ ముక్కుకు పిల్లలు ఆడుకునే మైనం ముద్ద కొంచెం అంటించి, ప్లగ్ బిగించి, ఇంజన్‌ను చేత్తో ఒక చుట్టు మెల్లగా తిప్పి, తీసి చూడు. మైనం బాగా నలిగి ఉంటే పీ లేనిది వేసుకో. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉన్నది. నీ బండిలో కంప్యూటర్ లేదు కాబట్టి క్యాప్‌లో రెసిస్టర్ ఉంటే చాలు, ప్లగ్‌లోనూ ఉన్నా నష్టం లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లవాళ్లు మాత్రం ఆర్ లేనిది వేయకూడదు. ఈసీయూకు (ఆ బండ్లలో ఉండే కంప్యూటర్‌కు) పిచ్చి సిగ్నళ్లు పోయి, లేని మిస్సింగ్ కొత్తగా పుడుతుంది.

నా సలహా: మామూలు 8 నంబరు ప్లగ్. పీ కావాలా వద్దా అన్నది మైనం చెబుతుంది. గ్యాప్ ఫీలర్ గేజ్‌తో కొలిచి 0.6 మిల్లీమీటర్లకు పెట్టు. డబ్బాలోంచి తీసిన ప్లగ్ సరిగ్గానే ఉంటుందనుకోకు, దారిలో ఎక్కడో కింద పడి ఉంటుంది. ప్రెషర్ పెంచిన ఇంజన్‌లో గ్యాప్ పెంచితే పవర్ వస్తుందన్నది వట్టి మాట. అది కాయిల్ మీద బరువు పెంచడమే. వేళ్లతో చివరిదాకా తిప్పి, ఆ తర్వాత పానాతో అర చుట్టు, కొత్త వాషర్ నలిగేదాకా. వదులుగా ఉన్న ప్లగ్ వేడిని హెడ్‌కు దాటించలేదు. 8 వేసి కూడా 6 వేసినట్టే అవుతుంది.

ఇరీడియం మోసం కాదు. దాని మధ్య ఎలక్ట్రోడ్ అర మిల్లీమీటరు అటూ ఇటుగా సన్నగా ఉంటుంది కాబట్టి తక్కువ వోల్టేజీకే దూకుతుంది. నీరసంగా ఉన్న కాయిల్‌కు ఊతకర్ర లాంటిది. నాకు దానితో పేచీ అక్కడే. కాయిల్ నీరసాన్ని నాలుగు నెలలు దాచిపెడుతుంది. పలచటి మిక్చర్‌ను కూడా అంటించేస్తుంది, మిస్సింగ్ పోతుంది, నువ్వు సంతోషంగా ఫుల్ ఇస్తావు, పిస్టన్ పోతుంది. జెట్లు కుదిరాక వేసుకో, అప్పుడు నేను వద్దనను. గ్యాప్ సరిచేయడానికి ఆ సన్న ముక్కు మీద స్క్రూడ్రైవర్ పెట్టి తన్నకు, విరుగుతుంది. డబ్బు పెట్టి కొంటున్నప్పుడు ఒరిజినల్ అవునో కాదో చూసుకో. అచ్చు అలుక్కుపోయి, పక్క ఎలక్ట్రోడ్ నడిమధ్యకు రాకుండా వంకరగా ఉంటే అక్కడే వదిలేసి రా. విజయవాడ ఆటోనగర్లో ఒకే రకం డబ్బా రెండు దుకాణాల్లో రెండు ధరలు చెబితే, ఆ తేడా ఎందుకొచ్చిందో నీకే తెలుస్తుంది.

ప్లగ్ రంగు చదివే పద్ధతి కూడా మారింది. కాఫీ పొడి రంగు రావాలని మన పెద్దవాళ్లు చెప్పేది సీసం కలిసిన పెట్రోల్ రోజుల మాట. 2000 నుంచి మన దేశంలో ఆ పెట్రోల్ లేదు. ఇప్పుడు మిక్చర్ సరిగ్గా ఉన్నా ముక్కు లేత రంగులోనే ఉంటుంది. పైన చూసి మోసపోకుండా, పింగాణీ లోపలికి దిగి బాడీని కలిసే చోట, భూతద్దంతో చూడు. అక్కడ సన్నని గోధుమ రంగు ఉంగరం కనిపించాలి. అది లేకుండా అడుగుదాకా తెల్లగా ఉంటే పెట్రోల్ ఇంకా చాలడం లేదు. పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు చుక్కలు, లేదా మెరిసే సన్నటి అల్యూమినియం రేణువులు కనిపిస్తే బండి అక్కడే ఆపెయ్. ఆ రేణువులు పిస్టన్‌వి.

ఈ చూపు సరిగ్గా ఉండాలంటే ఫుల్‌లో నడిపి, క్లచ్ పట్టి, అదే క్షణంలో ఇంజన్ ఆపి ప్లగ్ తీయాలి. ఐడ్లింగ్‌లో ఇంటిదాకా వచ్చాక తీస్తే కనిపించేది ఐడ్లింగ్ రంగే. ఇది ఊరి రోడ్డు మీద చేసే పని కాదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే లాంటి ట్రాకులు ఉన్నది దీనికే. రోడ్డు మీద మార్చిన బండి తోలితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉందని నీకూ తెలుసు. చాంబర్ చప్పుడు నీకంటే ముందు వెళ్లి ట్రాఫిక్ ఎస్సైకి చెబుతుంది. నాన్నగారి పాత సైలెన్సర్ అటక మీద ఉంటే పారేయకు.

ఆ 9 నంబరు ప్లగ్ కూడా ఉంచుకో. ఇనుప బ్రష్‌తో గీకకు, పెట్రోల్‌లో నానబెట్టి ఆరబెట్టు. జెట్లన్నీ కుదిరాక ఎప్పుడైనా ట్రాక్ మీద రోజంతా ఫుల్‌లో తోలే అవకాశం వస్తే ఆ రోజుకు అది సరిపోతుంది. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు మళ్లీ 8 వేసుకో.